రద్దు అనే గడి

పోర్ట్ విలాలో రాత్రి రెండూ పది.
రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతోంది, ఒకటి నటిస్తోంది.
నేల ఇప్పుడే కదిలింది.
టీ కప్పులో చిన్న సముద్రమొకటి లేచి
నా డ్యూటీ రిజిస్టరు మీద ఒలికింది.

ఫారం తెరిచాను.
ఎంత తొందర? అంటుంది. ఎంత తీవ్రం? అంటుంది.
ఎంత నిజం? అని కూడా అడుగుతుంది
పరాయి ఊరి జడ్జిలా, ముఖంలో ఏదీ కనపడనీకుండా.
జవాబు నా మాటల్లో చెప్పకూడదు.
కళ్ళారా చూశాం, రావచ్చు, వచ్చినా రావచ్చు, తెలియదు.
ఉన్నవాటిలోనే ఒకదాన్ని తాకాలి.

ఇది అసలా, అభ్యాసమా?
పోయిన నెల మూడుసార్లు అభ్యాసం అని నొక్కిన వేలు
ఇవాళ పక్క గడి మీద ఆగి
చల్లబడింది.

తర్వాత పటం.
ఎపి చుట్టూ, టొంగోవా చుట్టూ
బిందువు తర్వాత బిందువు పెట్టుకుంటూ పోవాలి.
ఆఖరి బిందువు మళ్ళీ మొదటి బిందువే కావాలి,
లేకపోతే యంత్రం నమ్మదు.
ఆరో బిందువు దగ్గర తాత ఇల్లు.
గీతని ఒక వెంట్రుకవాసి బయటికి జరిపాను,
యామ్ దుంపల పాక కూడా లోపల పడేట్టు.
ఎవరూ చూడలేదు.

సువాలో శిక్షణప్పుడు నా పక్కన ఒయున్‌గెరెల్ కూచునేది.
మంగోలియాలో గొర్రెలు నిలబడ్డచోటే చచ్చే చలిని
ఆవిడ ఇవే గడుల్లో, ఇదే వరసలో రాస్తుందట.
చిలీ నుంచి వచ్చిన ఎలియాసార్ అగ్నిపర్వతాన్నీ అంతే.
వాళ్ళ మంచుకీ మా సోల్వోటాకీ
ఒకే కొలత చొక్కా!
దర్జీ ఎవడో గాని, అని నవ్వాను ఆ రోజు.

తాత కల్‌తపావ్ దగ్గర గడులు లేవు, శంఖం ఉండేది.
నేను అమ్మ కడుపులో ఉన్న ఏడాది
నీరు వెనక్కి తగ్గినట్టు తోచి ఊదాడు.
ముసలివాళ్ళని వీపున వేసుకుని ఊరంతా కొండెక్కి
తెల్లారేదాకా వానలో నానింది.
అల రాలేదు.
ఆ తర్వాత పదేళ్ళు చర్చి మెట్ల మీద అదే మాట:
"ఏం కల్‌తపావ్, ఇవాళ సముద్రం ఏమంటోంది?"
విని విని, ఆ పైసారి
శంఖం పెదవి దాకా తెచ్చి
ఒక్క ఊపిరి ఆలస్యం చేశాడు.
ఆ ఊపిరి పేరు లెయ్‌మాస్. మా అత్త.

పంపాను.
ఒక్కసారి రాసిందే
రేడియోలో బిస్లామా అయింది, ఫోన్లలో ఫ్రెంచి అయింది,
చర్చి మీది సైరన్లో ఏ భాషా కాకుండా ఏడ్చింది.
రేవులో ఆగిన సరుకు ఓడ కెప్టెనుకి
తన సొంత భాషలో వినపడిందట, ఏ భాషో నేనడగలేదు.

అల వచ్చింది, మోకాలెత్తు.
ఒక తెడ్డు పట్టుకుపోయింది.
రెండు కోళ్ళని భయపెట్టింది.

నాలుగున్నరకి మళ్ళీ అదే ఫారం.
హెచ్చరిక, సవరణ, రద్దు.
మొదటి సందేశం నంబరు ఇక్కడ వెయ్యి, అంటుంది.
దేన్ని వెనక్కి తీసుకుంటున్నావో చెప్పమంటుంది గాని
అప్పుడెందుకు అరిచావని నిలదీయదు.
ఎన్ని దేశాలవాళ్ళు కూచుని, ఎన్ని మాటలకి పోట్లాడుకుని
కుట్టారో ఈ చొక్కాని;
ఈ ఒక్క జేబు పెట్టిన చెయ్యి ఎవరిదో,
కనపడితే కళ్ళకద్దుకుంటాను.
శంఖానికి ఈ జేబు లేదు.

రద్దు నొక్కాను.
కాసేపటికి ఫోను. కొండ మీంచి తాత.
వెనక పిల్లల గోల, ఎవరో చితుకులు విరుస్తున్న చప్పుడు.
"ఇక దిగొచ్చా?"
"దిగండి తాతా. పెద్దగా ఏం రాలేదు."
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
"ఎవరూ నవ్వడం లేదే," అన్నాడు,
నమ్మలేనట్టు.